కడపటి వరుస

పోయినవారం మనం యోహానును వాకిట్లో నిలబెట్టి వచ్చేశాం. పాపం, పిల్లవాడు ఇంకా అక్కడే ఉన్నాడు. "పెండ్లంటూ చేసుకుంటే నర్మదనే" అని తండ్రి మొహం మీద అనేసి, పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డాడు. తండ్రి జకరయ్య తిట్టలేదు, కొట్టలేదు. ఆయన బెల్లంపల్లి బొగ్గుబాయిలో కూలీల మీద సర్దారు, క్రైస్తవుల గుడిలో సంఘపెద్ద. నిండుకుండ తొణకదని ఊరంతా చెప్పుకునేది ఆయన గురించే. కళ్ళు మూసుకుని, "ప్రార్థన చేద్దాం బిడ్డా" అన్నాడు.

ఆ మాటకు ఆ ఇంట్లో అర్థం తెలియనివాళ్ళు లేరు. బర్రెను కొందామని భార్య ఐలవ్వ అడిగినప్పుడూ ప్రార్థన చేద్దామనే అన్నాడు. ఇప్పటికీ పాలు బయటే పోయించుకుంటున్నారు.

నర్మద మీద ఎవరికీ పేచీ లేదు. డిస్పెన్సరీలో కట్లు కట్టే పిల్ల, నెమ్మదస్తురాలు, గొంతెత్తి పాడితే గుడి పెంకులు కూడా వింటాయి. పేచీ అంతా ఆ పిల్ల తల్లి యాదవ్వ దగ్గర. యాదవ్వ కంపెనీ క్వార్టర్ల వెనక పాయిఖానాలు శుభ్రం చేస్తుంది. పోయిన క్రిస్మస్‌కు బాప్తిస్మం తీసుకుంది. నీళ్ళలో మునిగి లేచినప్పుడు జకరయ్యే చెయ్యి చాపి, "సహోదరీ, ప్రభువులో మనమంతా ఒక్కటే" అన్నాడు కూడా. అనడానికేం, నాలుకకు నరం లేదు కదా.

తెల్లవారితే ఆదివారం, ప్రభువు బల్ల పుచ్చుకునే రోజు. ఇప్పపూలు రాలే కాలం అది. అడవి వైపు నుంచి వచ్చే ఆ మత్తు వాసనలో ఇండ్ల ముందు రాజుకునే సిగిడీల బొగ్గుపొగ కలిసి, ఆ నెలంతా బెల్లంపల్లి సగం నిద్రలో నడుస్తున్నట్టే ఉంటుంది. ఎదురొచ్చే మనిషి ఎవరో దగ్గరికి వచ్చేదాకా తెలియదు. గుడి గంట కూడా ఎక్కడో నీళ్ళ అడుగున మోగుతున్నట్టు వినిపించింది ఆ ఉదయం జకరయ్యకు. రాత్రి సరిగ్గా కన్నంటలేదు మరి.

ఇక్కడ మీకు ఆ గుడి అలవాటొకటి చెప్పాలి. ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క చాపల మీద కూర్చుంటారు. బల్ల పుచ్చుకునేటప్పుడు ముందు ఆడవాళ్ళు, తర్వాత మగవాళ్ళు, వరుస వెంట వరుస లేచి వెళ్ళి మోకాళ్ళూని, రొట్టె తిని, ఒకే గిన్నెలో ద్రాక్షరసం అందరూ తాగుతారు. గుడి పాస్టరు అయ్యగారు గిన్నె అంచు తెల్లగుడ్డతో తుడిచి, కొంచెం తిప్పి, పక్కవాళ్ళకు అందిస్తారు. అందరూ అయిపోయాక కడపట లేచేది జకరయ్య. పడుచువాడిగా ఉన్నప్పుడే, విందుకు పోతే కడపటి చోట కూర్చోమన్న ప్రభువు మాట విని గోడవార చివరి వరుసకు పోయి కూర్చున్నాడు. అప్పటినుంచీ అదే చోటు. ఆయన వీపు తగిలీ తగిలీ ఆ గోడ సున్నం నునుపెక్కింది. ఆయన డ్యూటీకి పోయి గుడికి రాని రోజు కూడా అక్కడ ఎవరూ కూర్చోరు.

ఇక ఆయన లేచే సమయం వస్తే చూడాలి. గుడంతా నిశ్శబ్దమైపోతుంది. పాట ఎత్తే రాయమల్లు, కడపటి చరణం కోసం ఆయన మోకాళ్ళ చప్పుడు వినబడేదాకా ఆగుతాడు. తల్లులు పిల్లలను మోచేత్తో పొడిచి, చూడు, పెద్దమనిషి ఎట్లా తగ్గి ఉంటాడో అంటారు. ముందు వరుసలో కూర్చున్నవాణ్ణి ఎవరు చూస్తారండీ? ఆ గుడిలో అందరికంటే ఎత్తయిన పీట ఆ చివరి చాపే. ఆ సంగతి జకరయ్యకు తెలుసా అంటే, తెలియదనే చెప్పాలి. మనిషి మోసగాడు కాడు. ఇంట్లో ప్రార్థన చేసేటప్పుడు 'నేను అల్పుణ్ణి' అని కన్నీళ్ళతోనే అనేవాడు.

ఆ ఆదివారం యాదవ్వకు బల్లలో మొదటిసారి. వెలిసిన చీరను రాయి అరిగేలా ఉతికి కట్టుకుని వచ్చింది. అయితే ఆడవాళ్ళ వరుసలో కాకుండా తలుపు పక్కన, చాప అయిపోయిన చోట, చెప్పుల దగ్గర కూర్చుంది. ఆడవాళ్ళు లేచినప్పుడు లేవలేదు. తానింకా బల్లలో చేరని నర్మద, కూర్చున్న చోటినుంచే వెనక్కి తిరిగి సైగ చేసినా కదలలేదు. తన తర్వాత తాగాల్సినవాళ్ళు మొహాలు తిప్పుకుంటే చూడలేనని, అందరూ అయిపోయాక పోదామని అనుకుంది. పుట్టినప్పటినుంచీ అందరూ అయిపోయాక రావడమే ఆమెకు తెలిసిన మర్యాద.

మగవాళ్ళు కూడా అయిపోయారు. ఇద్దరే మిగిలారు, గోడవార జకరయ్య, తలుపువార యాదవ్వ.

ఆమె లేస్తుందని ఆయన చూశాడు. ఆయన లేస్తాడని ఆమె చూసింది. అయ్యగారు గిన్నె పట్టుకుని నిలబడ్డారు. రాయమల్లు చరణం ఎత్తబోయి మింగేశాడు. కిటికీలోంచి పడ్డ ఎండలో ధూళి చాలా మెల్లగా తిరుగుతోంది. కాలం ఆగిపోయిందనుకున్నారు కొందరు. జకరయ్య మనసులో మాత్రం చిన్న చిరాకు మొదలైంది, ఈమెకు తెలియదా, కడపట లేచేది నేను కదా అని. చూశారా, కడపటి చోటుకు కూడా పోటీ వస్తే మనిషికి ఒళ్ళు మండుతుంది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని తల ఇంకా కిందికి వంచాడు.

కళ్ళు తెరిచేసరికి అయ్యగారు బల్ల దగ్గర లేరు. ఒక చేత రొట్టె పళ్ళెం, ఒక చేత గిన్నె పట్టుకుని చాపల నడుమ నడిచి తలుపు దాకా పోతున్నారు. ఆ గుడిలో అలాంటిది ఎవరూ ఎరగరు. చెప్పుల నడుమ మోకాళ్ళూని యాదవ్వ రొట్టె తిన్నది, గిన్నె అందుకుని తాగింది. అయ్యగారు అంచు తుడిచి, గిన్నె కొంచెం తిప్పి, అక్కడినుంచి నేరుగా జకరయ్య దగ్గరికి వచ్చారు.

గిన్నె మొహం దగ్గరికి వచ్చింది. జకరయ్య పెదవులు విడలేదు.

తాగాలనే అనుకున్నాడు. మనసు పోతోంది, నోరు రావడం లేదు. ఇన్నేళ్ళూ కడపట తాగడం తనకు ఎందుకంత సులువైందో ఆ క్షణాన ఆయనకు తెలిసిపోయింది. తనకంటే ముందు తాగినవాళ్ళంతా తనవాళ్ళే. అందరి తర్వాత అంటే ఇంతమంది తర్వాత అనే అనుకున్నాడు గానీ, ఈమె తర్వాత కూడా అని ఏనాడూ అనుకోలేదు. నేల చూస్తూ, "నాకు ఒంట్లో బాగలేదు అయ్యగారూ" అన్నాడు.

అయ్యగారు గిన్నెలో మిగిలింది తానే తాగి, బోర్లించి, గుడ్డ కప్పారు. యాదవ్వ కొంగుతో మూతి తుడుచుకుని తల వంచుకుంది. నర్మద అవతలి పక్కనుంచి జకరయ్యను చూసింది. ఆ చూపులో కోపం లేదు, అదే ఆయనకు బాధ. యోహాను లేచి, చెప్పులు కూడా మరిచి, ఉత్త కాళ్ళతో ఎండలోకి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఐలవ్వ మాట్లాడకుండా అన్నం పెట్టింది. బాప్తిస్మమిచ్చిన పాత అయ్యగారు మొగుడికి జకరయ్య అని పెట్టి, జత కుదరాలని బైబిల్లోని జకరయ్య భార్య పేరే ఆమెకూ ఎలీసబెతు అని పెట్టాడు గానీ, ఎవరి నోరూ తిరగక ఆమె ఐలవ్వగానే మిగిలిపోయింది. మాటలో సూటి. కంచం తీసేటప్పుడు మాత్రం, "ఒంట్లో బాగలేనోనివి మారు బువ్వ పెట్టించుకున్నవు" అని లోపలికి పోయింది. బైబిల్లో ఉన్న జకరయ్యకు, దేవదూత మాట నమ్మనందుకు, గుడిలోనే మాట పడిపోయిందట. ఈ జకరయ్యకు ఇంటికొచ్చాక పడిపోయింది.

నులకమంచం మీద వాలాడు. ఇప్పపూల వాసన మగతగా కమ్ముకుంది. బాయిలోకి దిగుతున్నట్టు కల వచ్చింది. చీకట్లో వరుసగా దీపాలు, దీపానికొక మనిషి, అందరూ ఎక్కడో ఉన్న బల్ల వైపు నడుస్తున్నారు. తాను కడపట నిలబడాలి కదా, వెనక్కి నడిచాడు. ఎంత వెనక్కి పోయినా ఇంకొకరెవరో తన వెనక ఉన్నారు. మొహం కనబడదు, కొంగు మాత్రం కనబడుతుంది. ఇంకా వెనక్కి, ఇంకా వెనక్కి పోయాడు. బాయి పైకప్పు కిందికి దిగింది, వంగాడు, చివరికి పాకాడు. ఇక తన వెనక ఎవరూ లేరు. కడపటి చోటు దొరికింది. తల ఎత్తి చూస్తే బల్ల లేదు, దీపాలు లేవు, మనుషులు లేరు.

లేచేసరికి పొద్దు వాలింది. చొక్కా తడిసి ముద్దయింది. ఒక నిర్ణయానికి వచ్చి, మొహం కడుక్కుని, తెల్లచొక్కా తొడుక్కుని బయల్దేరాడు. ఆయనను మరీ తక్కువ చెయ్యకండి. గుండె నిజంగానే కలుక్కుమన్నది. కొడుకు మాట ఒప్పుకుని, పోయి పిల్లను అడిగేస్తే పొద్దుటి మచ్చ మాసిపోతుందనుకున్నాడు. అయితే రైలుపట్టాలు దాటి యాదవ్వ గుడిసె వైపు తిరిగినప్పుడు, ఇంత పెద్దమనిషి ఎవరింటికి పోతున్నాడో అని జనం చూడటం ఆయన గమనించాడు. ఆ చూపులు ఒంటికి హాయిగా తగిలాయి. దాన్ని కూడా గమనించి, అడుగు తొందరగా వేశాడు.

యాదవ్వ వాకిట్లో చాప మీద ఇప్పపూలు ఆరబోసి పుల్లలు ఏరుతోంది. లేచి, కొంగు నిండుగా కప్పుకుని, మంచం దులిపి వేసింది. మంచినీళ్ళు మాత్రం ఇవ్వలేదు. ఇస్తే ఆయన కాదనాల్సి వస్తుంది, ఆ ఇబ్బంది ఆయనకెందుకు పెట్టాలనుకుంది. వచ్చినవాళ్ళను ఇలా కాపాడటం ఆమెకు చిన్నప్పటినుంచీ అలవాటే.

జకరయ్య గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. ప్రభువులో ఎక్కువ తక్కువలు లేవన్నాడు. పిల్లలు ఒకరినొకరు ఇష్టపడ్డారన్నాడు. ఏమీ పెట్టక్కర్లేదు, కట్టుబట్టలతో పంపితే చాలన్నాడు. తనకు గానీ తన ఇంటివాళ్ళకు గానీ ఏ అభ్యంతరమూ లేదని ముగించాడు. బాగానే మాట్లాడాననుకున్నాడు. ఆమె కండ్లనీళ్ళు పెట్టుకుంటే ఏమని ఓదార్చాలో కూడా దారిలోనే అనుకుని వచ్చాడు.

యాదవ్వ ఆఖరిదాకా విన్నది.

"నీకు అభ్యంతరం లేదా పెద్దయ్యా, మంచిదే" అన్నది. "నాకున్నది."

ఆమె మళ్ళీ పూల దగ్గర కూర్చుంది. చెయ్యి పుల్లలు ఏరుతూనే ఉంది.

"పొద్దుగాల నేను ముట్టిన గిన్నె నీ నోటికి రాలే. రేపు నా బిడ్డ వండిన బువ్వ ఎట్ల దిగుతది? అది నా కడుపుల పుట్టిందే గదా."

ఒంట్లో బాగలేక అని మొదలుపెట్టాడు గానీ, ఆమె తలెత్తి చూసేసరికి మాట సగంలోనే ఆగింది. సిగిడీల పొగ వాకిట్లోకి పాకి వచ్చి ఇద్దరి నడుమ మెల్లగా పరుచుకుంది. మూలనున్న కుండ వైపు చూసి, "జర మంచినీళ్ళు ఇయ్యి చెల్లె" అన్నాడు. గుడిలో సహోదరీ అని ఎన్నిసార్లన్నా, చెల్లె అనడం అదే మొదలు.

యాదవ్వ చెయ్యి కుండ వైపు పోబోయింది. మళ్ళీ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇయ్య" అన్నది. "ఇక్కడ ఎవ్వలు చూస్తుండ్రు? తాగి నీ బరువు నువ్వు దించుకొని పోతవు. వద్దన్నది అందరి ముందట గదా పెద్దయ్యా. నేను సిగ్గుపడ్డది అందరి ముందట గదా."

గొంతు పెంచలేదు. నర్మద తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. ఆమె ఏడ్చినట్టు కళ్ళే చెబుతున్నాయి.

"చిన్నప్పుడు గుడి కిటికీల నుంచి చూస్తుంటి" అన్నది. "మీరు అందరికన్నా కడపట లేస్తుంటిరి. గంత పెద్దమనిషి గట్ల తగ్గి ఉంటే, గా దేవుని ఇంట్ల మాకు కూడా జాగ ఉంటదనుకున్న. అవ్వ రానన్నది, భయమన్నది. మిమ్ముల చూపించే తోలుకొచ్చిన."

ఇంతకంటే ఆమె ఏమీ అనలేదు. మిగిలిన సంగతి యాదవ్వే చెప్పింది. రేపు పొద్దున రైలుబండికి తల్లీబిడ్డా ఆసిఫాబాద్‌కు, మేనమామ దగ్గరికి పోతున్నారు. చీకటి పడకముందే గుడికి పోయి అయ్యగారికి చెప్పి వస్తారు. యోహానుకు చెప్పేశారు, వెంట రావద్దని కూడా చెప్పారు. తండ్రిని కాదని వచ్చిన పిల్లవాణ్ణి చేసుకుంటే అదొక నింద, తండ్రి దయతలచి ఒప్పుకున్న పిల్లవాణ్ణి చేసుకుంటే అది అంతకంటే పెద్ద నింద అన్నది యాదవ్వ.

తిరిగి వస్తుంటే జకరయ్యకు దారి దారిలా లేదు. పొగలోంచి మనుషులు వచ్చి, నమస్తే పెట్టి, పొగలోకే పోతున్నారు. నమస్తే పెట్టిన ప్రతిసారీ ఆయనకు సిగ్గేసింది. ఏదో ఇస్తానని పోయినవాడికి, ఆమె దగ్గర క్షమాపణ అడుక్కునేదే ఉందని తెలిసింది. అడుక్కోవడం ఆయనకు రాదు. దేవుణ్ణి అడగడం వచ్చు గానీ, మనిషిని అడగడం ఎప్పుడూ చేయలేదు. ఇంతలో సాయంకాలపు ప్రార్థనకు గంట మోగింది.

గుడిలో గ్యాసుదీపం వెలిగించారు. పొద్దుటి జనమంతా దాదాపు వచ్చారు, ఏం జరుగుతుందో చూడాలని వచ్చినవాళ్ళు ఇంకొందరు ఎక్కువే. జకరయ్య గోడవారకు పోలేదు. నేరుగా ముందుకు పోయి బల్ల పక్కన నిలబడ్డాడు. ఆదివారం సాయంత్రం పెద్ద ప్రార్థన ఎప్పుడూ ఆయనదే కాబట్టి, అయ్యగారు చేయమన్నట్టు తల ఊపారు. అది ఎంత పొడుగుంటుందో తెలిసిన జనం కాళ్ళు సర్దుకుని, కళ్ళు మూసుకుని, సుఖంగా కూర్చున్నారు.

"పొద్దుగాల నాకు ఒంట్ల బాగనే ఉండె" అన్నాడు జకరయ్య.

కళ్ళు తెరుచుకున్నాయి. ఆయన చేతులు బల్ల అంచును గట్టిగా పట్టుకున్నాయి.

"యాదవ్వ తాగి ఇచ్చిన గిన్నె అని తాగలే. అయ్యగారికి అబద్ధం చెప్పిన. ఇన్నేండ్ల సంది మీరు నన్ను చూసి ఏమనుకుంటుండ్రో, నేను గది కాదు."

అంతే. ఇంకేం రాలేదు. జీవితంలో అంత పొట్టి ప్రార్థన ఆయన చేయలేదు. గుండెలో ఏదో రాయి కదిలినట్టయింది. ఇప్పుడు తిడతారు, తిట్టనీ అనుకుని తల వంచుకుని నిలబడ్డాడు.

ఎవరూ తిట్టలేదు. ఆడవాళ్ళలో ఒక ముసలామె కళ్ళొత్తుకుంటూ, ఎంత తగ్గింపు తండ్రీ, ఎవరికొస్తుంది ఇంత తగ్గింపు అన్నది. అవునవునని గుసగుసలు లేచాయి. ఉన్న మచ్చ చూపిద్దామని జకరయ్య చొక్కా విప్పితే, దాన్ని కూడా దండ అనుకుంటున్నారు వీళ్ళు. ఐలవ్వ ఒక్కతే నోరు మూసుకుని ఆయననే చూస్తోంది.

అప్పుడు రాయమల్లు లేచాడు. పాట ఎత్తే మనిషి, జకరయ్యను సొంత అన్నలా చూసుకునేవాడు. మొహం నిండా ప్రేమే ఉంది.

"నువ్వెందుకు పరేషానైతున్నవు అన్నా? నువ్వు చేసింది తప్పెట్లయితది? నువ్వు ముట్టని గిన్నె మేమెట్ల ముడుతం? మాకు కూడా మనసుల ఉండె, నోరు రాలే. నువ్వు దారి చూపిస్తివి. ఆల్లకు వేరే గిన్నె పెట్టుమని అయ్యగారికి నువ్వే చెప్పు. మేమంత నీ ఎనుకనే ఉన్నం."

అని వచ్చి జకరయ్య వెనక నిలబడ్డాడు. మొదటి వరుసలోంచి ఇంకొకరు లేచారు, రెండో వరుసలోంచి ఇద్దరు, ఆ తర్వాత లెక్క తెలియలేదు. చాపలు కదిలిన చప్పుడు, ఉత్త కాళ్ళ చప్పుడు. జకరయ్య తిరిగి చూశాడు. బతుకంతా తన వెనక ఎవరూ ఉండకూడదనుకున్నవాడు, గుడి సగం తన వెనక నిలబడి ఉండటం చూశాడు.

ఆ తలల మీదుగా తలుపు కనిపించింది. అయ్యగారికి చెప్పిపోదామని వచ్చిన యాదవ్వ, లోపలికి ఒక కాలు పెట్టి అలాగే ఆగిపోయింది. పక్కన నర్మద. వాళ్ళ వెనక చీకట్లో యోహాను.

"చెప్పు జకరయ్యా" అన్నారు అయ్యగారు, చాలా మెల్లగా. "సంఘం నీ మాట మీద నిలబడ్డది. రెండో గిన్నె పెట్టమంటవా?"